ఓటు పాటకా, మనవాడికా?

2005లో సోనీ టీవీలో ‘ఫేమ్ గురుకుల్’ అని ఒక పాటల పోటీ నడిచింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా గుర్తు చేసుకుంటున్నారంటే అది అరిజిత్ సింగ్ వల్లే. అతను అందులో పాడాడు, ప్రేక్షకుల ఓట్లు చాలక ఆరో స్థానంతో బయటికి వచ్చేశాడు. గెలిచింది రూప్‌రేఖా బెనర్జీ, ఖాజీ తౌఖీర్. కాశ్మీర్ నుంచి వచ్చిన ఖాజీ స్టేజీ మీద మహా హుషారు, అతను ఉంటే చూపు వేరేవాళ్ల మీదికి పోదు, పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం జడ్జిలు పెదవి విరిచేవాళ్లు. వాళ్లు పెదవి విరిచినా అతనికి ఓట్లు పడుతూనే ఉన్నాయి.

ఈ ఒక్క ఉదాహరణ చెప్పి ‘జనానికి టాలెంట్ అక్కర్లేదు, మనవాడైతే చాలు’ అని తేల్చేయడం చాలా తేలిక. ఇరవై ఏళ్లుగా ప్రతి ఫైనల్ మర్నాడూ ఎవరో ఒకరు తేల్చేస్తూనే ఉన్నారు. కానీ అందులో ఒక చిక్కుంది. ఆ తర్వాత పదేళ్లు తిరక్కుండానే ఇదే జనం అరిజిత్‌ని నెత్తిన పెట్టుకున్నారు. ఈలోపు వాళ్ల చెవులేం మారిపోలేదు కదా. మారింది వాళ్లను అడిగిన ప్రశ్న. పాట వినేటప్పుడు నచ్చిందా లేదా అన్నదొక్కటే లెక్క. ఓటు దగ్గర అలా కాదు, ఈ మనిషి కోసం ఫోన్ తీసి, డబ్బులు పోయినా పర్లేదనుకుని, ఒకటికి పదిసార్లు నొక్కే ఓపిక ఎంతమందికి ఉంది అన్నది లెక్క. ఈ రెండో ప్రశ్నకు జవాబుగా వచ్చిన పేరును తీసుకెళ్లి మొదటి ప్రశ్నకు జవాబని స్టేజీ మీద ప్రకటిస్తారు, గొడవంతా అక్కడ మొదలవుతుంది.

అసలు జనం చేతికి ఓటు ఎప్పుడొస్తుందో చూడండి. ఇండియన్ ఐడల్ లాంటి షోకి ఊరూరా ఆడిషన్లు పెడతారు, వేలమంది వస్తారు, అందులోంచి పదీ పన్నెండు మందిని ఏరేది జడ్జిలూ షో తీసేవాళ్లూ. అప్పటిదాకా ప్రేక్షకుణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అంటే ఓటింగ్ మొదలయ్యేసరికే శ్రుతి కలవనివాళ్లు, తాళం తప్పేవాళ్లు దాదాపుగా వెళ్లిపోయి ఉంటారు. మిగిలినవాళ్ల మధ్య తేడా లేదని కాదు, ఉంటుంది, కాకపోతే చాలా సన్నగా ఉంటుంది. ఒకరికి గమకం బాగా పలుకుతుంది, ఒకరు పై స్థాయిలో నిలబడగలరు, ఒకరు మాటను అర్థం చేసుకుని పాడతారు, వీటిలో ఏది గొప్ప అంటే సంగీతం నేర్చుకున్నవాళ్లే తెల్లారేదాకా పోట్లాడుకుంటారు. పైగా మన హాల్లోకి వచ్చేది బ్యాండు, మిక్సింగ్, ఎడిటింగ్ అన్నీ దాటుకుని వచ్చిన పాట. ఇక అభిమానం సంగతి పూర్తిగా వేరు. ఒకరి వెనక కోట్ల జనాభా ఉన్న రాష్ట్రం ఉంటుంది, ఒకరి వెనక రెండు జిల్లాలుంటాయి, ఒకరిది అసలు ఏ ఊరో కూడా ఎవరికీ పట్టదు. టాలెంట్‌లో తేడా గోరంత, అభిమానంలో తేడా కొండంత అయినప్పుడు ఫలితం దేన్నిబట్టి తేలుతుందో చెప్పక్కర్లేదు. ఓటేసేవాళ్లలో ఎక్కువమంది నిజాయితీగా పాట విని ఓటేసినా సరే, వాళ్ల ఓట్లు నలుగురైదుగురికి దాదాపు సమానంగా చీలిపోతాయి. చీలని ఓటు మాత్రం గుత్తగా ఒకరికే వెళ్తుంది.

మన తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన విషయమే, కాకపోతే మనకు నచ్చినప్పుడే గుర్తొస్తుంది. 2006లో ఇండియన్ ఐడల్ రెండో సీజన్ ఫైనల్లో హైదరాబాద్ కుర్రాడు కారుణ్య, రాజస్థాన్‌లోని బికనేర్ నుంచి వచ్చిన సందీప్ ఆచార్య మిగిలారు. సందీప్ గెలిచాడు. ఇక్కడ ఎవర్ని అడిగినా ఒకటే మాట: మనవాడు బాగా పాడాడు, హిందీ వాళ్లంతా ఒక్కటై వాళ్లవాణ్ణి గెలిపించుకున్నారు. దానికి కొన్ని నెలల ముందే జీ టీవీ సరిగమప ఛాలెంజ్‌లో మన హేమచంద్ర పాడిన సీజన్‌ని అస్సాంలోని సిల్చార్‌కు చెందిన దేబోజిత్ గెలిస్తే, అప్పుడూ ఇదే మాట, ఈసారి ‘హిందీ వాళ్లు’ స్థానంలో ‘ఈశాన్యం వాళ్లు’. సరే. 2010లో శ్రీరామచంద్ర, 2017లో విశాఖ కుర్రాడు రేవంత్ ఇండియన్ ఐడల్ గెలిచారు. ఇద్దరూ గట్టి గాయకులే, అందులో అనుమానం లేదు. కానీ ఆ రెండుసార్లూ తెలుగు ఛానళ్లలో, ఆఫీసుల్లో, కాలేజీల్లో ‘మనవాడికి ఓటేయండి’ అని చెప్పుకున్న మాటను మాత్రం ఎవరూ ప్రాంతీయాభిమానం అనలేదు. అవతలివాళ్లు చేస్తే అభిమానం, మనం చేస్తే టాలెంట్‌ని గుర్తించడం!

అభిమాన ఓటు ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే మాత్రం 2007కి, డార్జిలింగ్‌కి వెళ్లాలి. ఇండియన్ ఐడల్ మూడో సీజన్. ప్రశాంత్ తమాంగ్ డార్జిలింగ్ కుర్రాడు, కోల్‌కతా పోలీసు శాఖలో కానిస్టేబుల్, అక్కడి పోలీస్ ఆర్కెస్ట్రాలో పాడేవాడు. గొంతు మెత్తగా, వినసొంపుగా ఉంటుంది, అంతకుమించి గొప్పగా చెప్పుకునే విద్వత్తేం లేదు, ఆ మాట జడ్జిలు కూడా వీలైనంత మర్యాదగా చెప్పారు. కొండల్లో జరిగింది మాత్రం టీవీ షో స్థాయిని ఎప్పుడో దాటిపోయింది. ఊరూరా అభిమాన సంఘాలు పుట్టాయి, చందాలు పోగుచేశారు, ఆ చందా డబ్బుతో రీచార్జ్ చేయించుకుని రాత్రంతా కూర్చుని ఎస్సెమ్మెస్‌లు పంపారు. ఒక్కో ఎస్సెమ్మెస్‌కి మూడు రూపాయల దాకా పడేది, తేయాకు తోటల్లో రోజుకూలీ మీద బతికే ఇళ్లవాళ్లకు అది చిన్న ఖర్చేం కాదు.

వాళ్లకు పాట గురించి తెలియక అలా చేశారనుకుంటే పొరపాటు. దేశంలో చాలాచోట్ల నేపాలీ ముఖం కనిపిస్తే వాచ్‌మన్ అనో, పరాయి దేశంవాడనో అనుకుంటారు. గూర్ఖాలు భారతీయులేనని, తమకూ ఒక పేరుందని దేశం మొత్తం చూసే తెర మీద చెప్పుకునే అవకాశం అప్పటిదాకా వాళ్లకు రాలేదు. ప్రశాంత్ ప్రతి వారం తెర మీద నిలబడటమే ఆ మాట. అలాంటప్పుడు అతను పల్లవిలో ఎక్కడో ఒక స్వరం తగ్గించి పాడాడా లేదా అన్నది ఎవరికి కావాలి?

అటువైపు ఫైనల్లో ఉన్న అమిత్ పాల్ కూడా ఒంటరివాడేం కాదు. షిల్లాంగ్‌లో పుట్టి పెరిగిన బెంగాలీ. స్థానిక తెగలకూ బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లకూ మధ్య ఏళ్ల తరబడి గొడవలు చూసిన ఊరది. అక్కడ అమిత్ కోసం ఖాసీలూ బెంగాలీలూ కలిసి రోడ్డెక్కారు, మేఘాలయ ముఖ్యమంత్రి డి.డి. లపాంగ్ అతన్ని శాంతి సామరస్యాలకు రాష్ట్ర రాయబారిగా ప్రకటించాడు. అంటే ఆ ఫైనల్లో పోటీ పడ్డది రెండు గొంతులు కాదు, రెండు కొండ ప్రాంతాల చిరకాల బాధలు. మొత్తం ఏడు కోట్ల దాకా ఓట్లు పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. 2007 సెప్టెంబర్ 23న ప్రశాంత్ గెలిచాడు.

కథ అక్కడితో అయిపోలేదు. గెలిచిన కొద్దిరోజులకే ఢిల్లీలో ఒక ఎఫ్ఎం రేడియో జాకీ, గూర్ఖాలు పాటలు పాడుకుంటే మరి కాపలా ఎవరు కాస్తారన్న ధోరణిలో వెటకారం చేశాడు. సెప్టెంబర్ 28న సిలిగురిలో దాని మీద ఊరేగింపు తీస్తే అది ఘర్షణగా మారింది, సైన్యాన్ని దించాల్సి వచ్చింది. ప్రశాంత్ కోసం ప్రచారం నడిపినవాళ్లలో ముందున్న బిమల్ గురుంగ్, అక్టోబర్ 7న గూర్ఖాలాండ్ ప్రత్యేక రాష్ట్రం కోసం గూర్ఖా జనముక్తి మోర్చా అనే పార్టీ పెట్టాడు. రెండు దశాబ్దాలుగా కొండల్ని ఏలిన సుభాష్ ఘీసింగ్ పెత్తనం ఆ తర్వాత ఎంతోకాలం నిలవలేదు. ప్రత్యేక రాష్ట్ర డిమాండుకు ఎప్పటినుంచో ఎన్నో కారణాలున్నాయి కాబట్టి పాటల పోటీయే పార్టీని పుట్టించిందంటే అతిశయోక్తి అవుతుంది. కానీ ఊరూరా మనుషుల్ని కూడగట్టడం, చందాలు ఎత్తడం, ఒక్క మాట మీద అందరితో ఒకేరోజు ఒకే పని చేయించడం, ఈ రిహార్సల్ అంతా ఆ ఎస్సెమ్మెస్ నెలల్లోనే జరిగిపోయింది.

ఇంత శ్రమ ఓటుగా మారాలంటే ఒక రూల్ ఉండాలి: ఒక్కరు ఎన్ని ఓట్లయినా వేయొచ్చు. ఈ రూల్ చూడటానికి చిన్నదే, నిజానికి షో ఫలితాన్ని చాలావరకు ఇదే రాసేస్తుంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం. ఒక గాయని లక్షమందికి నచ్చింది, తలా ఒక ఓటు వేశారు, లక్ష ఓట్లు. ఇంకొకరికి గట్టి అభిమానులు ఐదువేలే, కానీ తలా యాభై ఓట్లు, అంటే రెండున్నర లక్షలు. ఇరవయ్యో వంతు మనుషులతో రెండున్నర రెట్లు ఓట్లు! ఎంతమందికి నచ్చారన్నది ఇక్కడ వెనక్కి పోయి, ఎంత పిచ్చిగా నచ్చారన్నది ముందుకొస్తుంది. అందరికీ కాస్త కాస్త నచ్చే నెమ్మదైన మంచి కంటెస్టెంట్‌కి ఈ పద్ధతిలో చోటు లేదు.

దానికి తోడు ఇలాంటి షోల్లో చాలావాటిలో వ్యతిరేక ఓటు ఉండదు. ఒక మనిషిని సగం రాష్ట్రం అసహ్యించుకున్నా అతనికి పోయేదేమీ లేదు, ప్రేమించే పదిశాతం గట్టిగా ఉంటే చాలు. పన్నెండు మంది ఉన్న దశలో చీలని పదిశాతం ఉన్నవాణ్ణి ఎవరూ కదపలేరు. బిగ్‌బాస్ తెలుగు రెండో సీజన్, 2018, దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. ఇంట్లో కౌశల్‌కి మిగతా సభ్యుల్లో ఎక్కువమందితో పడేది కాదు, అందరూ ఒకవైపు అతనొక్కడూ ఒకవైపు అన్న బొమ్మ ప్రతి ఎపిసోడ్‌లోనూ కనిపించేది. అతన్ని ఎంత ఒంటరిని చేస్తే బయట ‘కౌశల్ ఆర్మీ’ అంత పెరిగింది. అతనికి ఎదురు మాట్లాడినవాళ్లు వరసగా నామినేషన్లలోకి వచ్చి ఎలిమినేట్ అయిపోయారు, హైదరాబాద్‌లో అతని పేరు మీద 2కె రన్ కూడా తీశారు, చివరికి హోస్ట్ నాని పక్షపాతం చూపిస్తున్నాడని సోషల్ మీడియాలో అతన్నీ వదల్లేదు. గీతా మాధురి రన్నరప్, కౌశల్ విన్నర్. తర్వాతి సీజన్లన్నిటికీ ఇది ఒక సూత్రంగా మిగిలిపోయింది. ఇంట్లోకి వెళ్లేముందే పీఆర్ టీమ్‌ని మాట్లాడుకోవడం, పేరు చివర ఏదో ఒక ‘ఆర్మీ’ తగిలించుకోవడం, అన్‌అఫీషియల్ పోల్స్‌లో తమవాణ్ణి టాప్‌లో చూపించుకోవడం ఇప్పుడు బట్టలు సర్దుకోవడంతో సమానమైన పని.

ఇదే గణితంలో ఇంకో వింత ఉంది. జడ్జి తిడితే ఓట్లు పెరుగుతాయి, పొగిడితే ఒక్కోసారి తగ్గుతాయి. ‘అద్భుతం, నిన్ను మించినవాళ్లు లేరు’ అని జడ్జి అన్న అమ్మాయికి ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడు ఓటెయ్యడు, ఆమె ఎలాగూ సేఫ్ అనుకుంటాడు. తిట్లు తిన్నవాడి అభిమానులకు ఆ రాత్రి టెన్షన్, నిద్రపోకుండా ఓట్లు గుద్దుతారు. 2004లో అమెరికన్ ఐడల్ మూడో సీజన్లో ఒక వారం డేంజర్ జోన్‌లో మిగిలిన ముగ్గురూ ఆ సీజన్‌లో గట్టి గొంతులున్న అమ్మాయిలే: ఫాంటేజియా బరీనో, లటోయా లండన్, జెన్నిఫర్ హడ్సన్. ఒకే రకం శ్రోతల ఓటును ముగ్గురూ పంచుకున్నట్టయింది. హడ్సన్ ఏడో స్థానంలో వెళ్లిపోయింది. ఫాంటేజియా ఆ గండం గట్టెక్కి చివరికి టైటిలే కొట్టింది, అంటే ఓటు వేసే జనానికి గొంతు తెలియకపోవడం ఏమీ లేదు. మూడేళ్లు తిరక్కుండా, 2007లో, హడ్సన్ చేతిలో నటనకు ఆస్కార్ ఉంది.

ఓటు వల్ల బాగుపడుతున్నవాడే ఇబ్బంది పడ్డ కేసు ఒకటుంది. 2008లో బీబీసీ డ్యాన్స్ పోటీ ‘స్ట్రిక్ట్లీ కమ్ డ్యాన్సింగ్’లో జాన్ సార్జెంట్ అనే సీనియర్ రాజకీయ విలేకరి పాల్గొన్నాడు. డ్యాన్స్ రాదు, రాదని అతనికీ తెలుసు, ఆ సరదాకే జనం ప్రతి వారం కాపాడుతూ వచ్చారు, అతనికన్నా బాగా ఆడినవాళ్లు ఒక్కొక్కరే ఇంటికి పోతున్నారు. చివరికి నవంబర్‌లో తనే తప్పుకున్నాడు, ఇలాగే సాగితే నిజంగా గెలిచేస్తానేమోనని. ఆ సంస్కారం మన షోల్లో ఊహించడం కాస్త కష్టమే! అమెరికాలో ‘డ్యాన్సింగ్ విత్ ద స్టార్స్’ వాళ్లకు ఇంత అదృష్టం లేదు, 2018లో జడ్జిల మార్కుల్లో వెనకబడిన రేడియో హోస్ట్ బాబీ బోన్స్ తన శ్రోతల బలంతో ఏకంగా టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాదే రూల్ మారింది, కింది ఇద్దరిలో ఎవరు ఉండాలో జడ్జిలే చెప్పాలన్నారు.

మరి జడ్జిల చేతికే మొత్తం ఇచ్చేస్తే పోదా? తెలుగులో ఆ పద్ధతి కళ్ల ముందే ఉంది. 1996 నుంచి ఈటీవీలో నడిచిన ‘పాడుతా తీయగా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఆయన పక్కన కూర్చున్న అతిథి న్యాయనిర్ణేతలు మార్కులేసేవాళ్లు, ఎస్సెమ్మెస్‌ల గోల లేదు. అక్కడినుంచి వచ్చి సినిమాల్లో పాడినవాళ్లు ఎంతోమంది. ఏ జిల్లా పిల్ల గెలిచినా మిగతా జిల్లాలు రోడ్డెక్కలేదు. కానీ ఆ గౌరవం ఎక్కువభాగం బాలు అనే మనిషిది, పద్ధతిది అనుకుంటే కష్టం. జడ్జిలు కూడా మనుషులే, వాళ్లకూ శిష్యులు, స్నేహాలు, అలవాటైన బాణీలు ఉంటాయి.

ఈ జడ్జీ-జనం తగాదాను అందరికన్నా ఎక్కువకాలం నడుపుతున్నది యూరోవిజన్. 1956లో మొదలైన ఈ యూరప్ దేశాల పాటల పోటీలో మొదట్లో జ్యూరీలే పాయింట్లు ఇచ్చేవి, 1997లో ఐదు దేశాలు ఫోన్ ఓటింగ్ తెచ్చాయి, ఆ తర్వాత దాదాపు అందరూ అటే వెళ్లారు. సొంత దేశానికి ఓటేయకూడదని గట్టి నిబంధన ఉంది, అభిమానాన్ని ఆపడానికి అంతకన్నా ఏం చేస్తారు? అయినా గ్రీస్, సైప్రస్ ఒకదానికొకటి పన్నెండేసి పాయింట్లు ఇచ్చుకోవడం ఏటా నవ్వుకునే మాటైపోయింది, జర్మనీలో ఉన్న టర్కీవాళ్లు టర్కీకి వేసేవాళ్లు, పొరుగు దేశాల బంధుత్వాలు బోర్డు మీద తేటగా కనిపించేవి. తట్టుకోలేక 2009 ఫైనల్ నుంచి జ్యూరీని వెనక్కి తెచ్చి సగం సగం చేశారు.

దాంతో గొడవ ఆగలేదు, దిశ మారింది అంతే. 2022లో యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్‌కి ప్రేక్షకులు 439 పాయింట్లు కుమ్మరించారు, జ్యూరీలు నాలుగో స్థానంలో పెట్టినా ఆ ఓట్ల బలంతో గెలిచేసింది. అది పాటకు పడ్డ ఓటా, దేశానికి పడ్డ ఓటా అని అడగడానికి కూడా చాలామందికి మనసు రాలేదు. మరుసటి ఏడాది సరిగ్గా తిరగబడింది: ఫిన్‌లాండ్ గాయకుడు క్యారియాకి జనం 376 పాయింట్లిస్తే స్వీడన్ గాయని లోరీన్‌కి 243 మాత్రమే ఇచ్చారు, కానీ జ్యూరీల నుంచి లోరీన్‌కి 340 వచ్చేసరికి టైటిల్ ఆమెదే. హాల్లో ప్రేక్షకులు అరుస్తూనే ఉన్నారు. ఇక జ్యూరీలేమైనా మడికట్టుకుని కూర్చున్నాయా అంటే అదీ లేదు, 2022లోనే ఆరు దేశాల జ్యూరీల ఓట్లలో అనుమానాస్పదమైన పోలికలు కనిపించి వాటిని నిర్వాహకులు పక్కన పెట్టాల్సి వచ్చింది. సంగీతం తెలిసినవాళ్లు కూడా ఇచ్చిపుచ్చుకోవడాలకు అతీతులు కారన్నమాట.

ఇదంతా చూశాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అభిమాన ఓటుతో ఇన్ని గొడవలని తెలిసీ ఛానళ్లు దాన్నెందుకు వదలవు? డబ్బు కోసం, ఇందులో దాపరికం ఏమీ లేదు. ఎస్సెమ్మెస్ రోజుల్లో మామూలు మెసేజ్ కన్నా ఎక్కువ రేటు పెట్టి వచ్చిందాన్ని టెలికాం కంపెనీ, ఛానల్ పంచుకునేవి. ఒక్కరు వంద ఓట్లేస్తే తప్పన్న ఆలోచన వాళ్లకెందుకు వస్తుంది, వంద ఎస్సెమ్మెస్‌ల డబ్బు వస్తుంటే? ఇప్పుడు ఓటు చాలావరకు ఉచితమే, కానీ బిగ్‌బాస్‌కి ఓటేయాలంటే జియోహాట్‌స్టార్ యాప్‌లో లాగిన్ అవ్వాలి, తెలుగు ఇండియన్ ఐడల్‌కి ఆహా యాప్, అంటే మూడు రూపాయల బదులు ఫోన్‌లో చోటు, మన నంబరు, రోజూ ఒకసారి తెరిచే అలవాటు. ఓటు వేసినవాడు ఆ రాత్రి ఎపిసోడ్ చూడకుండా ఉండలేడు కూడా. ‘షాకింగ్ ఎలిమినేషన్’ మర్నాడు వచ్చే తిట్లు కూడా షోకి ప్రచారమే.

ఈ లాజిక్‌ని చివరిదాకా తీసుకెళితే ఏమవుతుందో చైనాలో కనిపించింది. 2021లో అక్కడ ‘యూత్ విత్ యూ’ అనే షో మూడో సీజన్లో, స్పాన్సర్ కంపెనీ పాల సీసా మూత లోపల క్యూఆర్ కోడ్ ఉండేది, స్కాన్ చేస్తే అదనపు ఓట్లు. అభిమానులు పాలు పెట్టెలకు పెట్టెలు కొన్నారు, తాగడానికి కాదు, కూలీలను పెట్టి మూతలు తీయించి పాలు కాలువలో పోయించారు. ఆ వీడియో బయటికొచ్చాక బీజింగ్ అధికారులు షో ఆపించారు, ఫైనల్ జరగనే లేదు. నిర్వాహక సంస్థ ఐచీయీ ఆ ఆగస్టులో ఇలాంటి షోలే ఇక చేయమని చెప్పింది.

అభిమానమంటే ఎప్పుడూ ఊరో భాషో కులమో అనుకోవడం కూడా కుదరదు, ఇక్కడే విశ్లేషకులు ఎక్కువగా బోల్తా పడతారు. 2024లో బిగ్‌బాస్ తెలుగు ఎనిమిదో సీజన్ చివరికొచ్చేసరికి కర్ణాటక నుంచి వచ్చిన నిఖిల్, తెలుగు కుర్రాడు గౌతమ్ కృష్ణ మిగిలారు. ‘తెలుగువాణ్ణి గెలిపించుకుందాం’ అని సోషల్ మీడియాలో గట్టిగానే నడిచింది. గెలిచింది నిఖిల్. అతను అప్పటికే ‘గోరింటాకు’ లాంటి తెలుగు సీరియల్‌తో ఏళ్లపాటు సాయంత్రాలు ఇళ్లలోకి వచ్చి వెళ్లినవాడు. రోజూ చూసిన ముఖం మీద పుట్టే అభిమానం చాలా నెమ్మదైనది, ట్విట్టర్‌లో కనిపించదు, ఓటింగ్‌లో మాత్రం కనిపిస్తుంది. అంతకుముందు ఏడాది పల్లవి ప్రశాంత్‌ని గెలిపించింది ‘రైతుబిడ్డ’ అన్న ఒక్క మాట, అదీ ఊరి అభిమానం కాదు, రెండు రాష్ట్రాల్లో పొలం ఉన్న ప్రతి ఇంటికీ తగిలే మాట. (ఆ ఫైనల్ రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలడం, కేసులు, అరెస్టులు వేరే కథ.) బిగ్‌బాస్‌లో అసలు టాలెంట్ అంటే ఏమిటో ఎవరూ నిర్వచించలేదు కాబట్టి అక్కడ అభిమానం గెలిచిందని వాపోవడంలో కూడా పెద్ద అర్థం లేదు, అభిమానం సంపాదించడమే అక్కడి ఆట.

పాటల పోటీలో అలా కాదు, షో అయ్యాక తేడా బయటపడుతుంది. ఊరి పేరు మీద, జాతి గౌరవం మీద వచ్చిన ఓటు ఆ లక్ష్యం తీరగానే చెల్లిపోతుంది. డార్జిలింగ్ జనం ప్రశాంత్‌ని మర్చిపోలేదు, అతను నేపాలీ సినిమాల్లో హీరో అయ్యాడు, కానీ ఓటేసిన కోట్ల వేళ్లు అతని హిందీ పాటలను హిట్ చేయలేకపోయాయి, అది వాళ్ల పనీ కాదు. గాయకుడి సొంత ధోరణికి పడ్డ ఓటు మాత్రం ఎక్కువకాలం నిలుస్తుంది. 2005లో చైనా ‘సూపర్ గర్ల్’ ఫైనల్లో లీ యూచున్‌కి 35 లక్షలకు పైగా ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి, గొంతు సాదాసీదాగా ఉందని అప్పట్లో విమర్శకులంతా అన్నారు, అమ్మాయిలకు పనికిరాదనుకునే నడక, దుస్తులు, తీరు చూసి అభిమానులు పడిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆమె అక్కడ పెద్ద స్టార్. ఆ విమర్శకులు కొలిచిన టాలెంట్ చాలా ఇరుకైనదని తేలింది.

ఇంతకీ అభిమాన ఓట్లు ఎన్ని, పాట విని వేసిన ఓట్లు ఎన్ని అని ఎవరైనా లెక్క తీయాలనుకుంటే మన దగ్గర కుదరదు, ఎందుకంటే అంకెలే ఉండవు. మన షోలు సాధారణంగా ఎవరికి ఎన్ని ఓట్లొచ్చాయో బయటపెట్టవు. యూరోవిజన్ ప్రతి దేశం నుంచి వచ్చిన పాయింట్లనూ పెడుతుంది కాబట్టే పొరుగువాళ్ల బంధుత్వాలూ, జ్యూరీల లాలూచీలూ దొరికాయి. 2025లో ఇజ్రాయెల్‌కి ప్రేక్షకుల ఓటింగ్‌లో అందరికన్నా ఎక్కువ వచ్చినప్పుడు కొన్ని దేశాల ఛానళ్లు లెక్కలు చూపించమని అడగగలిగాయి, 2026 నుంచి ఒక్కరు వేయగలిగే ఓట్లను ఇరవై నుంచి పదికి తగ్గించారు. దక్షిణ కొరియాలో 2019 నాటి ‘ప్రొడ్యూస్ ఎక్స్ 101’ ఫైనల్ అంకెలు తెర మీద వేశారు, ఒక స్థానానికీ ఇంకో స్థానానికీ మధ్య తేడా 29,978 ఓట్లని పదేపదే రావడం అభిమానులే పట్టేశారు. విచారణ జరిగి ఓట్లు తారుమారు చేశారని తేలింది, షో ప్రొడ్యూసర్‌కి జైలు శిక్ష పడింది. అంటే ఆ షోలో అటు అభిమానమూ గెలవలేదు, ఇటు టాలెంటూ గెలవలేదు.

మన దగ్గర ఓట్ల సంగతి స్టేజీ మీద బయటికి వచ్చిన సందర్భం ఒకటి గట్టిగా గుర్తుండిపోయింది. 2022 డిసెంబర్, బిగ్‌బాస్ తెలుగు ఆరో సీజన్ ఫైనల్. శ్రీహాన్ 40 లక్షలు తీసుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు, ఇండియన్ ఐడల్ గెలిచిన ఆ రేవంతే ఇక్కడా విన్నర్ అయ్యాడు, ట్రోఫీ అతని చేతికి వచ్చాక నాగార్జున అసలు ఓట్లు శ్రీహాన్‌కే కొద్దిగా ఎక్కువ వచ్చాయని చెప్పాడు. ఎన్ని అన్నది చెప్పలేదు. శ్రీహాన్ అభిమానులు, రేవంత్ అభిమానులు ఆ ‘కొద్దిగా’ మీద ఇప్పటికీ యూట్యూబ్ కామెంట్లలో కొట్టుకుంటూనే ఉన్నారు.